నమ్మరానిది

కట్టుకథ యని తెలిసియే మనము కథ వినుచున్నాము. వినుచు మధ్యమధ్య "ఇది జరుగునా? ఇది నమ్మదగునా?" అని కథకునితో కలహించుచున్నాము. కట్టుకథ యని యొప్పుకొన్న పిమ్మట నమ్మకముతో పని యేమి? అయినను పని కలదు. గాలిలో మేడ కట్టువానినైనను మెట్లెక్కడ నున్నవని యడుగక మానము. ఈ యడుగుట మంచిదే. కాని మన మే మెట్టును గూర్చి యడుగుదుము, ఏ మెట్టును చూచియు చూడనట్లు దాటిపోవుదుము అనునది కథకుని గుణమును గాక మన గుణమునే తెలుపునని ఇటీవల మా యింట జరిగిన యొక సంభాషణ వలన మాకు బోధపడినది. దానిని పాఠకులకు విన్నవింప నెంచితిమి.

శనివారపు రాత్రులందు మా యింట నలుగురము కూడి యేదైన నొక కథను టెలివిజనులో చూచుట యలవాటు. ఆ నలుగురు మా యక్కగారు, సైన్యమునుండి విరమించిన ప్రక్కయింటి సుబేదారుగారు, ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చిన మా తమ్ముని కుమారుడు, మేమును. ఈ మారు వరుసగా కొన్ని వారములు మేము చూచినది "ది డే ఆఫ్ ది జాకాల్" అను ఆంగ్ల ధారావాహిక. 2024 నవంబరులో వెలువడిన యీ కథకు పది భాగములు. కూలి పుచ్చుకొని నరహత్య చేయు ఆంగ్లేయు డొకడు దీనికి నాయకుడు. ఎడ్డీ రెడ్‌మేన్ అను నటుడు ఆ వేషము ధరించెను. వానిని పట్టుకొనుటకు పూనుకొన్నది బ్రిటిషు గూఢచారిశాఖలోని బియాంకా అను ఉద్యోగిని. ఆ వేషము లషానా లించ్ గారిది. హంతకునకు స్పెయిను దేశమున నొక చక్కని భవనమును, నూరియా యను భార్యయు, పసిబిడ్డయు కలరు. తన భర్త వర్తకపు పనులమీద దేశములు తిరుగుచున్నాడని ఆమె నమ్మియుండును.

ఈ పేరు క్రొత్తది కాదు. ఫ్రెడరిక్ ఫోర్సయిత్ అను ఆంగ్ల పత్రికావిలేఖరి 1971లో ప్రకటించిన నవల దీనికి మూలము. 1962 ఆగస్టు 22వ తేదీని పారిసు పొలిమేరనున్న పెతీ-క్లామార్ వద్ద ఫ్రెంచి అధ్యక్షుడు ద గోల్ ప్రయాణించు కారుపై కుట్రదారులు గుండ్లవాన కురిపించిరి; ఆయన గాయమైనను లేక బయటపడెను. కుట్రకు నాయకుడైన బాస్టియన్-తీరీ 1963 మార్చి 11వ తేదీని మరణశిక్ష పొందెను. ఈ నిజమైన సంగతిపై ఫోర్సయిత్ తన కల్పనను నిలిపెను. ఆ కుట్రదారుల పక్షమువారే పేరూ ఊరూ తెలియని విదేశీయు డొకనిని కూలికి కుదుర్చుకొని ద గోల్‌ను చంపింప యత్నించుట కథ. ద గోల్ 1970లో తన యింట సహజమరణము పొందెనని లోకమునకు తెలియును. కావున హంతకుడు కృతార్థుడు కాడని మొదటి పుట తిప్పకమునుపే పాఠకు డెరుగును. అట్లయ్యును లక్షలమంది యా పుస్తకమును ఊపిరి బిగబట్టి చదివిరి. ఏమి జరుగునో యని కాదు, ఎట్లు జరుగునో యని చదివిరి. చిన్ననాడే చనిపోయిన బాలుని పేర జన్మపత్రము సంపాదించి దానితో పాసుపోర్టు పొందుట, తుపాకిని విడదీసి కుంటివాని ఊతకఱ్ఱలో దాచుట, మారువేషములు సిద్ధపరచుకొనుట, ఇవన్నియు లెక్కలు వ్రాయు గుమాస్తా ఓర్పుతో ఆయన వర్ణించెను. చిన్న సంగతు లన్నియు నిజమువలె నుండుటచే పెద్ద యబద్ధమును పాఠకుడు సంతోషముతో మ్రింగెను.

ఈ మర్మమును మన పూర్వు లెరుగనివారు కారు. రసభంగమునకు అనౌచిత్యమును మించిన కారణము లేదని ఆనందవర్ధనుడు నిర్ణయించెను. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు ఔచిత్యమునే కావ్యమునకు ప్రాణముగా నెంచి గ్రంథము రచించెను. గ్రీకుదేశపు అరిస్టాటిలు జరుగదగియు నమ్మశక్యము కానిదానికంటె జరుగరానిదే యైనను నమ్మశక్యమైనది కవికి మేలని చెప్పెను. వీరందఱు చెప్పినది కవికి. వినువానికి గూడ నొక ఔచిత్యము కలదా యనునదియే మా ప్రశ్న.

మొదటి యాక్షేపణ సుబేదారుగారిది. కథారంభమున హంతకుడు జర్మనీ దేశపు రాజకీయనాయకు నొకనిని చంపవలెను. ఆ నాయకుడు కట్టుదిట్టమైన కాపుదలలో నుండును. అందుచే హంతకుడు ముందుగా ఆయన కుమారుని గాయపరచును. బిడ్డను చూడ తండ్రి ఆసుపత్రికి వచ్చును. నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరమునుండి హంతకుడు తండ్రిని కాల్చును. సుబేదారుగారు కుర్చీలో నిటారుగా కూర్చుండి, "పంతులుగారూ, ఇది కుదరదండి. అంత దూరం గుండు వెళ్లడానికి చాలా సెకండ్లు పడుతుంది. ఈలోగా మనిషి ఒక్క అడుగు వేశాడంటే గుండు గోడకే. దారిలో గాలి ఒకచోట ఇటు, ఒకచోట అటు వీస్తుంది. గుండు ఎన్నో మీటర్లు కిందికి దిగిపోతుంది. పక్కన గాలి లెక్క చెప్పే జోడీ అయినా లేకుండా, ఒక్కడే, మొదటి గుండుతోనే?" అనిరి. ఆయన మాటలో సత్యము కలదు. కాని లోకము కల్పనను తరుముకొనుచు వచ్చుచున్నది. 2017లో ఇరాకునందు కెనడా సైనికు డొకడు 3,540 మీటర్ల దూరమునుండి గురి తప్పక కొట్టెనని ఆ దేశపు సైన్యమువారు తెలిపిరి. 2023 నవంబరులో ఉక్రెయిను భద్రతాశాఖవారు తమవాడొకడు 3,800 మీటర్లనుండి కొట్టెనని ప్రకటించిరి. మే మీ సంగతు లెత్తిచూపగా ఆయన, "అవి యుద్ధభూములండి. వందసార్లు తప్పిన గుండు సంగతి ఎవరూ ప్రకటించరు" అని బదులు చెప్పిరి. ఆ బదులు మాకు నచ్చినది.

రెండవ యాక్షేపణ మా కుఱ్ఱవానిది. నేటి ఐరోపాలో ప్రతి వీథిమలుపునను కెమెరా కలదు; చేతిలోని ఫోను మనిషి యెక్కడ నున్నది చెప్పుచునే యుండును; సరిహద్దులందు ముఖములను యంత్రములు పోల్చి చూచును. అట్టిచోట రబ్బరుముఖము తగిలించుకొని ఒకడు దేశదేశములు తిరిగివచ్చుట యెట్లని వాని ప్రశ్న. "1963లో అయితే సరే, పెదనాన్నా. ఇప్పుడు కుదరదు" అనెను. ఇదియు సబబైన మాటయే. పాతనవలలోని యుపాయములు కొన్ని నేడు చెల్లవు.

ఇట్లు తుపాకిని, గాలిని, కెమెరాను, పాసుపోర్టును గూర్చి గంటల తరబడి తర్కించితిమి. అదే కథలో, హంతకునకు తుపాకి చేసియిచ్చిన వాని జాడకై బియాంకా ఉత్తర ఐర్లండులో నొక తల్లిని లొంగదీయ దలచి, ఆ తల్లి కుమార్తెను నిర్బంధములో పెట్టించును. నేరమెరుగని యా పిల్ల ప్రాణము పోవును. ప్రభుత్వపక్షమున నున్న యుద్యోగిని యిట్లు చేయునా యని మాలో నొక్కరును ఆక్షేపింపలేదు. గుండు నాలుగు కిలోమీటర్లు పోవుట మాకు నమ్మరాని దయ్యెను. అధికారము ఒక పిల్లను నలిపివేయుట యే తర్కమును లేకయే నమ్మదగిన దయ్యెను. ఇది యప్పుడు మాకు తోచలేదు, తరువాత తోచినది.

మూడవ యాక్షేపణ నూరియాను గూర్చినది. భర్త నెలల తరబడి యింట నుండడు. అడిగిన యెడల వర్తక మనును. భవనమునకు, విందులకు, కానుకలకు కొఱతలేదు. కొంతకాలమునకు గాని యామెకు శంక పుట్టదు. పుట్టిన శంకయు మొదట పరస్త్రీని గూర్చినదే. పిదప నింటిలోనే దాచిన గది యొకటి యామె కంటబడును. అందలి వస్తువులు చూచి ఆమె నిర్ఘాంతపోవును. మా కుఱ్ఱవాడు బిగ్గరగా నవ్వి, "ఇన్నేళ్లు కాపురం చేసి మొగుడేం చేస్తున్నాడో తెలియదట! గుండు సంగతైనా నమ్ముతాను గాని ఇది నమ్మను" అనెను. సుబేదారుగారు తలయూపిరి. మేమును నవ్వితిమి.

నవ్విన పిమ్మట మా పుస్తకజ్ఞానమును ప్రదర్శింప మాకు బుద్ధిపుట్టెను. నమ్మరాదనుకొన్న యీ సంగతి బ్రిటనులోనే నిజముగా జరిగినదని చెప్పదొడగితిమి. లండను మహానగర పోలీసువారు 1968లో నొక రహస్యదళమును నెలకొల్పిరి. ప్రభుత్వమును విమర్శించు సంఘములలో సభ్యులవలె చేరి వారి రహస్యములు తెలిసికొనుట దాని పని. అది 2008 వఱకు పనిచేసినది. ఆ దళమువా రనేకులు చిన్ననాట చనిపోయిన బిడ్డల పేరులను తల్లిదండ్రు లెరుగకుండ గ్రహించి ధరించిరి. ఫోర్సయిత్ నవలలో హంతకుడు చేసినపనిని రక్షకభటులే చేసిరన్నమాట. దీనికై 2013లో లండను పోలీసు అధిపతి క్షమాపణము చెప్పుకొనవలసి వచ్చెను. అంతటితో నాగలేదు. మారుపేరులతో నున్న రహస్యపోలీసులు కొందఱు ఆ సంఘములలోని స్త్రీలతో ఏండ్ల తరబడి దంపతులవలె కాపురముచేసి, పని తీరగానే అదృశ్యులైరి. ఒక తల్లికి, తన బిడ్డకు తండ్రియైనవాడు పోలీసు గూఢచారియని ఇరువది యేండ్లకుపైగా గడచిన పిమ్మట 2012లో వార్తాపత్రికలోని చిత్రమువలన తెలిసెను. 2015 నవంబరులో పోలీసువారు అట్లు మోసపోయిన స్త్రీలకు బహిరంగముగా క్షమాపణము చెప్పిరి. ఆ స్త్రీలు అవివేకులు కారు. చదువుకొన్నవారు, లోకమును ప్రశ్నించుటయే పనిగా పెట్టుకొన్నవారు. కావున నూరియాకు తెలియకపోవుట నమ్మదగినదే యని మేము తీర్పు చెప్పితిమి. కుఱ్ఱవా డాశ్చర్యపడెను. మాకు కొంత గర్వము కలిగెను.

అంతవఱకు మా యక్కగారు మాటాడలేదు. ఆమె డెబ్బదియేండ్లు దాటినది. ఒడిలో చిక్కుడుకాయలు పెట్టుకొని యీనెలు తీయుచుండెను. తల యెత్తకయే యిట్లనెను: "ఒరే తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆడవాళ్లని మోసం చేశారు. వాళ్లు అడిగారు, వాళ్లకి అబద్ధం చెప్పారు. అది వేరు. ఈ పిల్ల అంత మేడలో ఉండి ఇది దేనితో కట్టావని ఒక్కనాడు అడిగిందా? తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు. నమ్మమంటే ఎందుకు నమ్మరు? మనింట్లో మాత్రం ఎవరడిగారు?"

గదిలో టెలివిజను పలుకుచునే యుండెను. మాలో నెవ్వరును పలుకలేదు. మా కుఱ్ఱవాడు, "మనింట్లో ఏమిటత్తా?" అనెను.

మా తండ్రిగారు ప్రభుత్వకార్యాలయ మొకదానిలో గుమాస్తా. మృదుభాషి, దైవభక్తుడు, బిడ్డలను పల్లెత్తు మాట యనని వాడు. ఆయన జీత మెంతయో పసివారమైన మాకే తెలియును. ఏలయన నెలాఖరున చేబదులుకు వెళ్లు ప్రక్కయింటివారి జీతమును నంతే. మా యింట మాత్రము నెలాఖరు రాలేదు. పండుగకు ముందు బియ్యపుబస్తా వచ్చెడిది. ఎవరు పంపిరని యడిగినవారు లేరు. చేతిసంచిలో కాగితములతో రైతులు తెల్లవారకమునుపే వీథియరుగుపై కూర్చుండెడివారు. పోవునప్పుడు వారి సంచి తేలికయై యుండెడిది. మా యక్కగారి వివాహమునకు నాలుగుపేటల గొలుసు చేయించిరి. మమ్ము పట్టణమునకు పంపి చదివించిరి. దానిని మామూలు అనెడివారు. ఆ మాట యెంత తెలివిగలది! లంచమనిన నది యొకని తప్పు. మామూలనిన నది లోకపు నడవడి.

అక్కగారు ఇవి యన్నియు కొన్నిమాటలలో చెప్పి, "ఒకసారి ఒక ముసలాయన ఆ అరుగుమీద ఏడ్చాడు. అమ్మ తలుపు దగ్గరగా వేసింది. నేను చూశాను. అమ్మ కూడా చూసింది" అని యూరకుండెను.

అమ్మ యేల యడుగలేదని మేమామెను ప్రశ్నించితిమి. అందుల కామె యిచ్చిన ప్రత్యుత్తరము మాకు చిరకాలము జ్ఞాపకముండును. "అడగడానికి కాళ్లకింద నేల ఉండాలిరా. అమ్మకి చదువు లేదు, చేతిలో కాసు లేదు, పుట్టింట చోటు లేదు. అడిగి, ఆయన అవునంటే ఏం చెయ్యాలి? చెయ్యడానికి ఏమీ లేనివాళ్లు అడగరు. నీకు చదువుంది. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు నాన్న. నువ్వడిగావా?"

మేమడుగలేదు. మేము సంస్కరణములను గూర్చి సభలలో నుపన్యసించితిమి. లంచగొండితనము దేశమునకు పట్టిన చీడయని వ్యాసములు వ్రాసితిమి. వానిలో కొన్ని తండ్రిగారికి చదివి వినిపించితిమి గూడ. ఆయన కన్నులు మూసికొని విని, భాష బాగున్నదనిరి. ఆ దినమున ఆయన ముఖమును మేమేల పరిశీలింపలేదో యిప్పుడు తెలియుచున్నది. పరిశీలించినచో నొక ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టినచో మా చదువును, మా యుద్యోగమును, ఆ వ్యాసము వ్రాసిన చేతిని గూడ ఆ యరుగుమీది ముసలివానికి లెక్కచెప్పవలసివచ్చును. అందుచే నెరుగకుండుటయే సుఖమని యెంచితిమి. ఎవ్వరును మాకు నబద్ధము చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును మేము కల్పింపనేలేదు.

ఎరుగమి రెండు విధములని మాకిప్పుడు తోచుచున్నది. ఒకటి మోసపోయినవారిది. దానికి మోసగించినవాడు దోషి. అందులకే ఆ లండను పోలీసువారు క్షమాపణము చెప్పుకొనిరి. రెండవది అడుగనివారిది. దానికి క్షమాపణము చెప్పువారుండరు. ఏలయన నందఱును తమ్ము నిర్దోషులనుగానే భావింతురు. అడుగనివారిలోను మరల రెండు తెగలు. అడుగుటకు నిలువనీడ లేనివారు కొందఱు. స్త్రీకి విద్యయు, స్వార్జితమును, ఆస్తిలో హక్కును ఉండవలెనని సంస్కర్తలు వాదించుటకు ఆమె సుఖమొక్కటియే కారణము కాదు. ఇంటిలో నొక ప్రశ్న యడుగగల మనిషి యుండవలె ననునదియు నొక కారణము. తన కాళ్లపై తాను నిలిచిన యిల్లాలు ఇది యెక్కడిదని భర్తను నిర్భయముగా నడుగగలిగిన యెడల లంచము సగము గడపయవతలనే యాగును. ఇక రెండవ తెగవారు అన్నియు నుండియు నడుగనివారు. ఆ తెగలో మేము మొదటివారము.

ఇప్పు డా ధారావాహికను గూర్చి మా యభిప్రాయ మేమి యనిన, గుండు సంగతి సుబేదారుగారికి వదలితిమి. కెమెరాల సంగతి కుఱ్ఱవానికి వదలితిమి. నూరియాను గూర్చి మాత్రము మా తీర్పును మార్చుకొంటిమి. ఆమె యెరుగకపోవుట ఆ కథలోని లోపము కాదు. అన్నిటికంటె నమ్మదగిన భాగమదియే. మేము దానిని చూచి యంత బిగ్గరగా నవ్వుటకు కారణము అది యసంభవమగుట కాదు, మా యింటి గడపకు దగ్గర యగుట. కథలోని చిల్లులు వెదకువారము తరచుగా మన కెచ్చట నొప్పి లేదో అచ్చట సూక్ష్మపరీక్షకులము; ఎచ్చట నొప్పి కలదో అచ్చట "ఇది నమ్మరాని" దని త్రోసివేయువారము. కవికి ఔచిత్యము విధించిన పెద్దలు వినువానికి విధింపదగిన ఔచిత్య మిదియే కాబోలు: నమ్మననుటకు ముందు, ఏల నమ్మలేకున్నానో తన్ను తా నడుగుకొనుట.

ఆ రాత్రి యందఱును లేచిపోయిన పిమ్మట మా కుఱ్ఱవాడు బల్లమీద నున్న తన మోటారుసైకిలు తాళపుచెవిని చేతిలోనికి తీసికొని చాలసేపు త్రిప్పుచు కూర్చుండెను. క్రొత్తబండి, తండ్రి గడచిన సంక్రాంతికి కొనియిచ్చెను. మా తమ్ముడును ప్రభుత్వోద్యోగియే. వాని జీత మెంతయో మాకు తెలియును. వాని యిల్లును మేము చూచియున్నాము; గృహప్రవేశమునకు పిలువగా పోయి, నేలపరచిన రాతిని మెచ్చుకొని, భోజనముచేసి వచ్చితిమి. "పెదనాన్నా, నాన్నని అడగనా?" అని వాడు మెల్లగా ననెను.

అడుగుమనుటకు మాకు నోరు రాలేదు. తన తండ్రి నడుగని వాడు పరుల కొడుకును అడుగుమని పంపుట యే న్యాయము? వలదనుటకును నోరు రాలేదు. "నీకంటె ముందు నేనడుగవలసియున్నది, నాయనా" అని మాత్ర మంటిమి. వాడు తాళపుచెవిని బల్లమీదనే యుంచి పోయి పండుకొనెను. మఱునాడు కళాశాలకు బస్సులో పోయెను.

ఇది జరిగి మూడు వారములైనది. ఇప్పటికి రెండుమారులు తమ్మునితో ఫోనులో మాటాడితిమి. ఎండలను గూర్చియు, అక్కగారి మోకాళ్ల నొప్పిని గూర్చియు మాటాడితిమి. అడుగలేదు. ముఖాముఖిగా నడుగలేని పిరికితనము మాలో నున్నదని యొప్పుకొనుటకు సిగ్గుపడుట లేదు. మా తమ్ము డీ పత్రికను ప్రతిమాసమును తెప్పించి చదువును. మా వ్యాసమును మొట్టమొదట చదువుట వాని యలవాటు. తండ్రిగారివలెనే భాష బాగున్నదని చెప్పుటయు వాని యలవాటే. ఈ మారు భాషను గూర్చి చెప్పవలదు. నాయనా, ఆ యిల్లు దేనితో కట్టితివి?